చిమ్నీ ఎత్తుగా ఉంటే గంధకం పోయినట్టేనా? థర్మల్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ నిబంధనలపై చర్చ

కిన్నెరసాని (చర్చ ప్రారంభం)

వేదిక సభ్యులందరికీ నమస్కారం. బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కు మన దేశంలో 2015 డిసెంబర్ వరకు అంకెల్లో పరిమితి అంటూ లేదు. చిమ్నీ ఎంత ఎత్తు ఉండాలో మాత్రమే నిబంధనల్లో ఉండేది. 2015 డిసెంబర్ 7న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ మొదటిసారిగా ఆ అంకెలు పెట్టింది. 2016 చివరిలోగా ఏర్పాటైన యూనిట్లలో 500 మెగావాట్ల కంటే చిన్నవి ఘనపు మీటరు పొగకు 600 మిల్లీగ్రాములు, 500 మెగావాట్లు, ఆ పైబడినవి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. 2017 జనవరి 1 నుంచి వచ్చే యూనిట్లన్నిటికీ 100 మిల్లీగ్రాములే పరిమితి. పాతవాటికి రెండేళ్లు గడువు ఇచ్చారు.

రెండేళ్లు గడిచాయి, దాదాపు ఎవరూ సిద్ధం కాలేదు. గడువు 2022 వరకు వాయిదా పడింది. 2021లో కేంద్రాలను మూడు వర్గాలుగా విడదీశారు. దేశ రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షల జనాభా దాటిన నగరానికి గాని 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి ఎ వర్గం. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి బి వర్గం. మిగిలినవన్నీ సి వర్గం. ఆ తరువాత 2022 సెప్టెంబర్‌లో ఒకసారి, 2024 డిసెంబర్ ఆఖరులో మరొకసారి గడువులు జరిగాయి. చివరికి 2025 జూలై 11 నాటి నోటిఫికేషన్ సి వర్గానికి, అంటే దేశంలోని యూనిట్లలో సుమారు 78 శాతానికి, ఈ గంధకపు పరిమితి నుంచి పూర్తిగా మినహాయింపు ఇచ్చింది. చిమ్నీ ఎత్తు నియమం పాటిస్తే చాలునంది. బి వర్గాన్ని ఒక్కొక్కటిగా పరిశీలిస్తారట. ఎ వర్గానికి మాత్రం 2027 డిసెంబర్ గడువుగా మిగిలింది. పదేళ్లు తిరిగి మళ్లీ చిమ్నీ ఎత్తు దగ్గరికే వచ్చామన్నమాట.

మినహాయింపుకు మూడు కారణాలు చెబుతున్నారు. మన బొగ్గులో గంధకం తక్కువ. గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు ఉన్న కేంద్రాల చుట్టూ, లేని కేంద్రాల చుట్టూ కూడా గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోబడే ఉంది. ఆ యంత్రాలకు సున్నపురాయి, కరెంటు కావాలి కనుక కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఈ మూడూ నిలబడే కారణాలేనా? మన వేదికలో ఈ రంగంలో పనిచేసినవారు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. నేను పాల్వంచ థర్మల్ కాలనీలో పెరిగినవాడిని. 2024 ఆగస్టులో పాత కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ ఒకేసారి కూల్చిన దృశ్యం చూసి కంటతడి పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. కనుక థర్మల్ కేంద్రాల మీద ద్వేషంతో ఈ ప్రశ్న వేయడం లేదని ముందే మనవి చేస్తున్నాను.


పాత బాయిలర్

కిన్నెరసాని గారూ, ముప్పై ఒక్క ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసి విరమించాను. మీరు అడిగిన పద్ధతి బాగుంది కనుక నాకు తెలిసింది సూటిగా చెబుతాను.

మన బొగ్గుకు శత్రువు గంధకం కాదు, బూడిద. సింగరేణి బొగ్గు అయినా, తాల్చేరు బొగ్గు అయినా నూటికి 30 నుంచి 45 వంతులు బూడిదే వస్తుంది. గంధకం చాలావరకు అర శాతం లోపే. అమెరికా తూర్పు ప్రాంతపు బొగ్గులో రెండు మూడు శాతం గంధకం ఉండేది కనుక వాళ్లకు స్క్రబ్బర్లు, అంటే ఎఫ్‌జీడీ యంత్రాలు, అత్యవసరమయ్యాయి. మన దగ్గర చిమ్నీ నుంచి నల్లగా పొగ వస్తున్నదంటే కారణం ఈఎస్పీలో, అంటే పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే యంత్రంలో, ఏదో ఒక భాగం పనిచేయకపోవడమే. గంధకం తక్కువైన బొగ్గుతో ఇంకొక చిక్కు ఉందని బయటివారికి తెలియదు. పొగలో గంధకపు ఆమ్లాంశం తగ్గితే బూడిద రేణువులు విద్యుత్తును సరిగా గ్రహించవు, ఈఎస్పీ పట్టు సడలుతుంది. అందుకే చాలాచోట్ల పొగలోకి అమ్మోనియా చొప్పించవలసి వచ్చింది. ఉన్న డబ్బుతో ముందు ఈఎస్పీలను బాగుచేసుకుందాం, గంధకం సంగతి తరువాత చూద్దాం అన్నవారిలో నేనూ ఒకణ్ణి. ఇది కాలుష్యాన్ని వెనకేసుకు రావడం కాదు, ఏది ముందు అన్న ప్రశ్న.

రెండో మాట ఖర్చు గురించి. మెగావాటుకు అరకోటి అనుకున్న ఎఫ్‌జీడీ కాలక్రమేణా కోటి రూపాయలు దాటింది. దేశంలో 537 యూనిట్లకు ఒకేసారి కావాలంటే తయారుచేసేవారు కొద్దిమందే ఉన్నారు, విడిభాగాల్లో చాలావరకు దిగుమతి. పాత కేంద్రాల్లో అయితే బాయిలరుకు, చిమ్నీకి మధ్య అంత పెద్ద నిర్మాణానికి స్థలమే ఉండదు. గడువులన్నీ ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టారని అనడం న్యాయం కాదు.


రసాయనం మాస్టారు

పాత బాయిలర్ గారు చెప్పిన ఈఎస్పీ విషయం అక్షరాలా నిజం. అయితే "గంధకం తక్కువ" అన్న మాటను నేను పిల్లలకు లెక్కగా ఇస్తుంటాను, ఇక్కడ కూడా ఇస్తాను.

500 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు సుమారు 350 టన్నుల దేశీయ బొగ్గు మండుతుంది. రోజుకు 8,400 టన్నులు. గంధకం 0.4 శాతం అనుకుంటే రోజుకు 33 టన్నులకు పైగా గంధకం. గంధకం పరమాణు భారం 32, సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64 కనుక బయటికి వచ్చే వాయువు రెట్టింపు, అంటే రోజుకు 67 టన్నులు. శాతంలో తక్కువగా కనిపించేది టన్నుల్లో ఇంత అవుతున్నదంటే, మన బొగ్గులో వేడి తక్కువ కనుక ఒక యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చవలసి వస్తుంది. బొగ్గులో శాతం ఎంత అని కాకుండా, ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని గ్రాముల గంధకం అని అడిగితే మన బొగ్గుకు ఉన్న మంచిపేరు కొంత తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం. చిమ్నీ దాటిన సల్ఫర్ డయాక్సైడ్ ఎల్లకాలం వాయువుగా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో కొంత నేలకు, చెట్లకు, తేమకు అంటుకుంటుంది, మిగిలింది సల్ఫేటుగా మారుతుంది. పశువుల పాకల నుంచి, యూరియా చల్లిన పొలాల నుంచి లేచే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ రేణువవుతుంది. ఆ రేణువు పీఎం 2.5 తరగతికి, అంటే 2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మ ధూళికి, చెందినది, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 64 గ్రాముల వాయువు నుంచి 132 గ్రాముల రేణువు పుడుతుంది, అంటే బరువు రెట్టింపుకు మించుతుంది.

ఈఎస్పీతో పోల్చి చూడండి. అదే యూనిట్ గంటకు సుమారు 19 లక్షల ఘనపు మీటర్ల పొగ వదులుతుంది. ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాముల ధూళి పరిమితిని ఆ యూనిట్ పాటిస్తున్నదనుకుంటే రోజుకు బయటికి వచ్చే ధూళి రెండున్నర టన్నులకు లోపే. 67 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌లో పదో వంతు మాత్రమే సల్ఫేటుగా మారినా రోజుకు 13 టన్నులకు పైగా సూక్ష్మ రేణువులు తయారవుతాయి. ఈఎస్పీ బాగా పనిచేస్తున్న కేంద్రం కూడా, చిమ్నీ దగ్గర కనిపించే ధూళికి అనేక రెట్ల ధూళిని ఆకాశంలో ఎక్కడో తయారుచేస్తున్నదన్నమాట. ఆ ధూళిని ఏ చిమ్నీ మీటరూ కొలవదు.

అందువల్ల కేంద్రం చుట్టూ సల్ఫర్ డయాక్సైడ్ కొలిచి, 24 గంటల సగటు 80 మైక్రోగ్రాముల పరిమితికి లోపలే ఉంది కనుక హాని లేదనడం, అడుగుతున్న ప్రశ్నకు జవాబు కాదు. చిమ్నీ ఎత్తుగా ఉండేదే ఆ వాయువు దగ్గరలో దిగకుండా ఉండడానికి. దగ్గరలో కనిపించలేదంటే చిమ్నీ తన పని చేసిందని మాత్రమే అర్థం.


ఊపిరి

నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. మాస్టారి లెక్కకు ఒక్క విషయమే చేరుస్తాను. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు ముక్కులో, గొంతులో తేమకు చాలావరకు కరిగిపోతుంది. ఆస్తమా ఉన్నవారిని అది వెంటనే ఇబ్బంది పెడుతుంది. సల్ఫేట్ రేణువు అలా ఆగదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళుతుంది. పీఎం 2.5 వల్ల గుండెపోటు, పక్షవాతం, దీర్ఘకాలిక శ్వాసవ్యాధి పెరుగుతాయన్నది వైద్యశాస్త్రంలో ఇప్పుడు వివాదం లేని సంగతి. మన దేశంలో పీఎం 2.5కు ఏడాది సగటు పరిమితి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. రోగికి ఆ రేణువు ఏ ఊరి చిమ్నీ నుంచి వచ్చిందో తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఈ విషయంలో నియంత్రణ మూలం దగ్గర జరగకపోతే ఇంకెక్కడా జరగదు.


మీటరు రీడింగు

విద్యుత్ టారిఫ్ పిటిషన్ల మీద పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. గడువులు ఎందుకు జరిగాయో ఆర్థిక కోణం నుంచి చెప్పవలసింది ఉంది.

2018 మే 30న కేంద్ర విద్యుత్ శాఖ, 2015 నిబంధనలను "చట్టంలో మార్పు" కింద పరిగణించాలని, ఎఫ్‌జీడీ ఖర్చును టారిఫ్‌లో చేర్చుకోవచ్చునని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఆదేశం ఇచ్చింది. కనుక పెట్టుబడి తిరిగిరాదన్న భయం పెద్ద కేంద్రాలకు ఉండవలసిన అవసరం లేదు. అసలు భయం వేరే. డిస్కంలు రోజూ చౌకగా దొరికే కరెంటును ముందు తీసుకుంటాయి. ఎఫ్‌జీడీ పెట్టిన కేంద్రానికి సున్నపురాయి ఖర్చు, యంత్రం తినే కరెంటు కలిసి యూనిట్ ధర కొన్ని పైసలు పెరుగుతుంది. పక్క కేంద్రం ఎఫ్‌జీడీ పెట్టకపోతే దాని కరెంటు చౌక. నిబంధన పాటించినవాడు వరుసలో వెనకబడతాడు, పాటించనివాడు ముందుంటాడు.

జరిమానా ఈ అన్యాయాన్ని సరిచేయాలి. 2021లో పెట్టిన పర్యావరణ పరిహారం యూనిట్‌కు 5 పైసల నుంచి 20 పైసల వరకు మాత్రమే ఉంది. ఎఫ్‌జీడీ వల్ల యూనిట్‌కు 25, 30 పైసలు పెరుగుతుందని పరిశ్రమే చెబుతున్నది. యంత్రం కంటే జరిమానా చౌకైతే ఏ సంస్థ మేనేజరైనా ఏది ఎంచుకుంటాడు? 2022లో ఆ పరిహారాన్ని 20 నుంచి 40 పైసలకు పెంచారు, అది సరైన అడుగు. కానీ అదే నోటిఫికేషన్‌లో గడువును కూడా జరిపారు కనుక పెరిగిన జరిమానా పడవలసిన రోజు రాలేదు. చివరికి 537 యూనిట్లలో పదో వంతు కూడా ఎఫ్‌జీడీ పూర్తి చేయలేదు. పూర్తి చేసినవారి పెట్టుబడి మాత్రం వినియోగదారుల బిల్లుల్లోకి చేరుతూనే ఉంటుంది. నిబంధనను గౌరవించినవారికి దక్కిన ఫలితం అది.


ఒహాయో తెలుగు

పాత బాయిలర్ గారు అమెరికా ప్రస్తావన తెచ్చారు కనుక, ఒహాయో నది ఒడ్డున ఇరవై రెండేళ్లుగా ఉంటున్నవాడిగా ఇక్కడి కథ చెబుతాను. మన చిమ్నీ ప్రశ్న ఇక్కడివారు యాభై ఏళ్ల కిందట ఎదుర్కొన్నదే.

1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం కింద చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఇంత మించకూడదని ప్రమాణాలు పెట్టారు. విద్యుత్ సంస్థలు దానికి కనిపెట్టిన సులువైన ఉపాయం పొడవాటి చిమ్నీలు. ఒహాయో రాష్ట్రంలో చెషైర్ అనే ఊరి దగ్గర 1970ల మధ్యలో కట్టిన గావిన్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు, సరిగ్గా మన రామగుండం ఎన్‌టీపీసీ పాత యూనిట్లంత. దాని చిమ్నీ ఎత్తు వెయ్యి అడుగులు దాటింది. ఊళ్లో కొలతలు బాగానే ఉండేవి. ఆ గంధకం వందల మైళ్లు వెళ్లి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండల సరస్సుల్లో ఆమ్ల వర్షంగా కురిసింది, చేపలు చచ్చిపోయాయి. 1977లో చట్టాన్ని సవరించి, అవసరానికి మించి చిమ్నీ ఎత్తు పెంచి ప్రమాణం పాటించామని లెక్క చూపడం చెల్లదన్నారు. ఎత్తు సమస్యను పక్కవారి ఇంటికి పంపుతుందే తప్ప తగ్గించదని అప్పటికే గ్రహించారు.

అసలు మార్పు 1990 సవరణలతో వచ్చింది. చిమ్నీ దగ్గర గాఢత మాత్రమే కాకుండా దేశం మొత్తానికి టన్నుల్లో గరిష్ఠ పరిమితి పెట్టారు. ప్రతి కేంద్రానికి ఏడాదికి ఇన్ని టన్నులని అనుమతి పత్రాలు ఇచ్చారు. మిగిల్చుకున్నవారు అమ్ముకోవచ్చు, మించినవారు కొనుక్కోవాలి. పత్రం లేకుండా వదిలిన ప్రతి టన్నుకు 2,000 డాలర్ల జరిమానా, పైగా మరుసటి ఏడాది వాటా నుంచి అంత కోత. 1995లో మొదలైన మొదటి దశ పెద్ద కేంద్రాలకు, 2000లో మొదలైన రెండో దశ మిగిలినవాటికి. స్క్రబ్బర్లు పెట్టే కొన్ని కేంద్రాలకు మొదటి దశలో రెండేళ్ల వరకు అదనపు గడువు ఇచ్చారు. చిమ్నీలో గంటగంటకూ కొలిచే మీటర్లు తప్పనిసరి, ఆ వివరాలు ఎవరైనా చూడవచ్చు. 1990లో ఇక్కడి విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ కోటీ 57 లక్షల టన్నులు. 2020 నాటికి అది పది లక్షల టన్నుల లోపుకు దిగింది. స్క్రబ్బర్లు, తక్కువ గంధకం ఉన్న పడమటి బొగ్గు, తరువాతి కఠిన నిబంధనలు, ఆ పైన సహజవాయువు, అన్నీ కలిసి ఇది సాధించాయి.

చెషైర్ గురించి ఇంకొక్క మాట. 1990ల మధ్యలో గావిన్‌కు స్క్రబ్బర్లు వచ్చాయి. 2001లో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యంత్రం పెట్టాక దాని దుష్ఫలితంగా గంధకామ్లపు నీలి పొగ ఊరి మీద దిగింది. 2002లో నిర్వాహక సంస్థ ఆ ఊరి ఇళ్లను సుమారు 2 కోట్ల డాలర్లకు కొనేసింది, దాదాపు ఊరంతా ఖాళీ అయింది. యంత్రం పెట్టగానే పని అయిపోదని, ఒక యంత్రం ఇంకొకదానితో ఎలా కలిసి పనిచేస్తుందో చూడాలని పాత బాయిలర్ గారి వంటివారు చెబితే వినాలి. నేను ఆ ఖాళీ వీధుల గుండా చాలాసార్లు వెళ్లాను, మనసు బాగుండదు.


పాత బాయిలర్

మాస్టారి లెక్కను రాత్రి కూర్చుని మళ్లీ వేసుకున్నాను. పొగ పరిమాణం, బొగ్గు వినియోగం రెండూ మేము రోజూ లాగ్‌బుక్కులో రాసే అంకెలకు దగ్గరగానే ఉన్నాయి. రెండున్నర టన్నులకు ఎదురుగా పదమూడు టన్నులన్న పోలిక ఇన్నేళ్లలో నాకు ఎవరూ చూపలేదు, నేనూ వేసుకోలేదు. మేము చిమ్నీ వైపు చూసి పొగ రంగు బట్టి యూనిట్ ఆరోగ్యం చెప్పేవాళ్లం. సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు. ఈఎస్పీ ముందు అన్న మాట మార్చుకోను, కానీ ఈఎస్పీ తరువాత ఎఫ్‌జీడీ అక్కర్లేదన్న ధ్వని నా మాటల్లో ఉంటే దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే కార్బన్ డయాక్సైడ్ వాదన మిగిలే ఉంది. సున్నపురాయి గనులు కూడా ఎక్కడో ఒక ఊరి పక్కనే ఉంటాయి కదా. సున్నపురాయి గంధకాన్ని పట్టాక మిగిలే జిప్సం కుప్పల సంగతి ఏమిటి?


రసాయనం మాస్టారు

ఆ ప్రశ్నకు కూడా లెక్కే జవాబు. 200 మిల్లీగ్రాముల పరిమితి అందుకోవాలంటే మన ఉదాహరణలోని యూనిట్ రోజుకు 67 టన్నుల్లో 58 టన్నుల దాకా పట్టుకోవాలి. అందుకు 90 టన్నుల శుద్ధమైన సున్నపురాయి కావాలి, 155 టన్నుల జిప్సం వస్తుంది. సున్నపురాయి నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ 40 టన్నులు. యంత్రం తినే కరెంటు ఒకటి, ఒకటిన్నర శాతం అనుకుంటే దానికి ఇంకొక 115 నుంచి 170 టన్నులు. అదే యూనిట్ బొగ్గు నుంచి రోజుకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ పదకొండు వేల టన్నులకు పైనే. పెరుగుదల రెండు శాతానికి లోపే. అధిక పీడనంతో తక్కువ బొగ్గుకే ఎక్కువ కరెంటు ఇచ్చే సూపర్‌క్రిటికల్ బాయిలరుకు మారితే ఇంతకంటే ఎక్కువే ఆదా అవుతుంది. రెండు శాతాన్ని చూపి 58 టన్నుల గంధకపు వాయువును వదిలేయమనడం నాకు సమంజసంగా తోచదు.

జిప్సం విషయంలో మాత్రం మీరు లేవనెత్తినది తీసిపారేయదగినది కాదు. సిమెంటు కర్మాగారాలు జిప్సం కొంటాయి, మన నల్గొండ, కర్నూలు, కడప జిల్లాల్లో అవి ఉన్నాయి. కానీ కొనేవారు దొరికేదాకా ఆ కుప్ప బూడిద చెరువు పక్కనే పడి ఉంటుంది. బూడిద చెరువుల నిర్వహణలో మన అనుభవం ఏమంత మంచిది కాదు. సముద్రపు ఒడ్డున ఉన్న కేంద్రాలకు సముద్రపు నీటితోనే గంధకాన్ని కడిగే పద్ధతి ఉంది, ముంబయి ట్రాంబేలో దశాబ్దాలుగా వాడుతున్నారు. చిన్న, పాత యూనిట్లకు పొడి సున్నాన్ని లేదా సోడియం లవణాన్ని పొగలోకి చిమ్మే చౌక పద్ధతి ఉంది. అన్ని యూనిట్లకూ ఒకే యంత్రం కావాలని 2015 నిబంధనలో ఎక్కడా రాయలేదు. అది అంకె ఇచ్చింది, దారి ఎంచుకోమంది.


వేపచెట్టు

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదలు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక థర్మల్ కేంద్రం ఉంది. మాకు పది లక్షల జనాభా నగరమూ దగ్గరలో లేదు, ప్రమాణాలు అందని నగరాల జాబితాలోని ఊరూ లేదు. కనుక మేము సి వర్గం. నేను అడగదలచినది ఒకటే. పది కిలోమీటర్ల గీత గీసినవారు మా ఊరిలో మనుషులు తక్కువ కనుక నష్టం తక్కువ అనుకున్నారా? మాస్టారు చెప్పినదాన్ని బట్టి చూస్తే మా పక్కన పుట్టిన గంధకం మా దగ్గర ఆగదు, ఎక్కడో నగరం మీదికే వెళుతుంది. అప్పుడు నగరాన్ని కాపాడడానికి గీసిన గీత కూడా నగరాన్ని కాపాడడం లేదు కదా.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. వేసవిలో ఆరబెట్టిన వడియాల మీద, మిరపకాయల మీద సన్నని పొర దిగుతుంది. అది బూడిద, గంధకం కాదని ఇప్పుడు అర్థమైంది. మా అమ్మకు ఆస్తమా. అధికారులను అడిగితే గేటు దగ్గర బోర్డు మీద అంకెలు వస్తున్నాయి చూసుకోమన్నారు. బోర్డు మీద ఒక రోజు అంకె ఉంటుంది, ఒక రోజు గీతలు ఉంటాయి. ఆ అంకె చదివి మేము ఏమి చేయాలో చెప్పినవారు లేరు.


మీటరు రీడింగు

వేపచెట్టు గారూ, మీ మొదటి ప్రశ్నే ఈ చర్చ మొత్తానికి గుండెకాయ. పది కిలోమీటర్ల గీత దుమ్ముకు సరిపోవచ్చు, సల్ఫేటుకు సరిపోదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలోనూ ఇదే లోపం ఉంది. 131 నగరాలను ఎంచుకుని, 2025-26 నాటికి ధూళి 40 శాతం తగ్గించమన్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి 4 ఆ జాబితాలో ఉన్నాయి. విజయవాడ నగరపాలక సంస్థ రోడ్లు ఊడ్చే యంత్రాలు కొనగలదు, నీళ్లు చల్లించగలదు. నగరం సరిహద్దు అవతల ఉన్న విద్యుత్ కేంద్రం మీద దానికి అధికారం లేదు. నగరానికి లక్ష్యం ఇచ్చి, నగరం బయటి మూలాన్ని మినహాయిస్తే ఆ లక్ష్యం ఎవరు చేరుకోవాలి?


కిన్నెరసాని

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు నాకు గడువుల వాయిదాలే ప్రధాన సమస్యగా కనిపించాయి. ఇప్పుడు అంతకంటే మౌలికమైన లోపం కనిపిస్తున్నది. మన నిబంధన ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది, దేశం మొత్తం మీద ఏడాదికి ఎన్ని టన్నులు మించకూడదో ఎక్కడా చెప్పదు. ఐరోపా సమాఖ్య 2016 ఆదేశం ప్రకారం సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు, అమ్మోనియా, పీఎం 2.5 ఐదింటికీ ఒక్కో దేశం ఇంత శాతం తగ్గించాలన్న కట్టుబాటు ఉంది. అమెరికాకు టన్నుల పరిమితి ఎలా పనిచేసిందో ఒహాయో తెలుగు గారు చెప్పారు. మనకు అటువంటి జాతీయ పరిమితి ఉంటే 78 శాతం యూనిట్లను ఒక్క కలంపోటుతో మినహాయించడం సాధ్యం కాదు. ఎందుకంటే ఆ టన్నులను మిగిలినవారు తగ్గించి చూపవలసి వస్తుంది, వారు ఊరుకోరు.

మన దేశంలో ఇది కుదరదనేవారికి సూరత్ గుర్తుచేస్తాను. 2019లో అక్కడ మూడు వందలకు పైగా కర్మాగారాలకు ధూళి ఉద్గారాల మీద మొత్తం పరిమితి పెట్టి, అనుమతులు కొనుగోలు చేసుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ పద్ధతిలో చేరిన కర్మాగారాల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని దాన్ని అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు ప్రకటించారు. నడిపింది మన కాలుష్య నియంత్రణ మండలే, కొలిచింది మన మీటర్లే.


పాత బాయిలర్

ఒక్క షరతు మీద ఒప్పుకుంటాను. టన్నుల పరిమితి పెడితే మీటరు నమ్మకంగా ఉండాలి. మీటరుకు క్రమం తప్పకుండా క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసి దిద్దడం, చేయకపోతే దాని అంకెకు విలువ లేదు. వేపచెట్టు గారి బోర్డు మీద గీతలు కనిపించడానికి కారణం అదే కావచ్చు.

వేపచెట్టు గారూ, మీరు సమాచార హక్కు కింద అడగదలచుకుంటే గాలి నాణ్యత ఎలా ఉందని అడగకండి, ఆ ప్రశ్నకు పరిమితికి లోబడే ఉందన్న జవాబు వస్తుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని ఇలా అడగండి. గత మూడేళ్లలో ప్రతి నెల ఆ కేంద్రం ఎంత బొగ్గు మండించింది, ఆ బొగ్గులో గంధకం సగటు శాతం ఎంత, చిమ్నీ మీటరు ఎన్ని గంటలు పనిచేసింది, దాన్ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు. మొదటి రెండు అంకెలు మీ చేతికి వస్తే మాస్టారి లెక్క ప్రకారం టన్నులు మీరే తేల్చుకోవచ్చు. ఏ బోర్డూ చూడనక్కరలేదు. అర్జీ ముసాయిదా నేను రాసి పెడతాను.


వేపచెట్టు

చాలా కృతజ్ఞతలు బాయిలర్ గారూ. మీ ముసాయిదా రాగానే మా పంచాయతీ సర్పంచ్ గారి సంతకంతో కూడా ఒకటి పంపుతాము. జవాబు వచ్చిన రోజున ఆ అంకెలన్నీ ఇక్కడే రాస్తాను, మాస్టారు లెక్క సరిచూడాలి.


రసాయనం మాస్టారు

తప్పకుండా సరిచూస్తాను. బొగ్గు బరువును తేమతో సహా ఇచ్చారా, తేమ తీసేసి ఇచ్చారా అన్నది కూడా అర్జీలో అడగండి. గంధకం శాతం దాని మీద మారుతుంది.